గ్యాస్ సర్కారుది, గట్టు రైతుది

భారత ప్రభుత్వ గెజిట్‌లో ఒక రకం ప్రకటన తరచుగా వస్తుంటుంది. పైన కొంత చట్టభాష, కింద ఒక పట్టిక. తాలూకా, గ్రామం, సర్వే నంబరు, ఆ పక్కన హెక్టారు, ఆర్, చదరపు మీటరు. ఒక వరుసలో 0-08-40 అని ఉందనుకోండి. అది బస్సు వేళ కాదు. ఎవరిదో చెరకు తోటలో 840 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 21 సెంట్లు, గ్యాస్ గొట్టం పాలు కాబోతోందని అర్థం. అభ్యంతరం ఉంటే 21 రోజుల్లో రాసివ్వాలి. పొద్దున్నే లేచి గెజిట్ చదివే చెరకు రైతును నేనైతే ఇంతవరకు చూడలేదు.

సూరత్ జిల్లాకు ఈ పట్టిక పాత చుట్టమే. తాపీ నది సముద్రంలో కలిసే చోట హజీరా ఉంది. బొంబాయి తీరానికి అవతల సముద్రగర్భంలో తీసిన గ్యాస్ అక్కడి ఓఎన్‌జీసీ ప్లాంటుకు చేరుతుంది. 1980లలో అక్కడ మొదలుపెట్టిన హజీరా–విజయ్‌పూర్–జగదీశ్‌పూర్ లైను ఉత్తరప్రదేశ్ దాకా వెళ్లింది. ఆ తర్వాత లైను మీద లైను. మనకూ ఇందులో భాగం ఉంది. కాకినాడ దగ్గరి గాడిమొగలో బయలుదేరి, తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర దాటి భరూచ్ చేరే దాదాపు 1,400 కిలోమీటర్ల గొట్టం దక్షిణ గుజరాత్ పొలాల కిందుగానే పోతుంది. మన పద్మశాలీలు మరమగ్గాలు వెతుక్కుంటూ సూరత్‌లోని లింబాయత్‌కూ ఉధ్నాకూ వలస పోయినట్టే, కృష్ణా గోదావరి గ్యాస్ కూడా ఆ దిక్కుకే వలస పోయింది.

అక్కడైనా ఇక్కడైనా, గొట్టం వేసేవాళ్లతో రైతు బేరానికి దిగాడనగానే చదువుకున్నవాళ్ల నోట వచ్చే మాట ఒకటే. ‘భూమి కింద ఉన్నది సర్కారుది. గొట్టం అడుగునుంచి పోతుంది, పైన పంట వేసుకోవచ్చు. పరిహారం ఇస్తున్నారు. ఇంకా బేరమేమిటి? అత్యాశ కాకపోతే!’ పేపర్లలో దీనికే ‘అభివృద్ధికి అడ్డంకి’ అని పేరు. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. ఈ మాట అనేవాళ్లలో గొట్టం దారిలో పొలం ఉన్నవాడు ఎంతమందో లెక్క తీస్తే తేలుతుంది.

ముందు ‘సర్కారుది’ అన్న మాట, అంటే గ్యాస్ తీసే లీజు సంగతి, చూద్దాం. అమెరికాలో చాలాచోట్ల నేలతో పాటు నేల కింద ఉన్నదీ యజమానిదే. కంపెనీ మనిషి అతని గుమ్మంలోకి వచ్చి బేరమాడాలి. సంతకానికి ఎకరానికి ఇంత, గ్యాస్ వచ్చాక వాటా ఇంత. పెన్సిల్వేనియాలో 1979 చట్టం ప్రకారం ఆ వాటా ఎనిమిదో వంతుకు తగ్గితే లీజే చెల్లదు. మన దగ్గర లీజు ప్రభుత్వానికీ కంపెనీకీ మధ్య జరిగే వ్యవహారం. 1948 చట్టం, 1959 నియమాలు అలా ఏర్పాటు చేశాయి. నేల మీద బావులు తవ్వి తీసిన గ్యాస్‌కు రాయల్టీ రాష్ట్ర ఖజానాకు పోతుంది, ఆ నేల దున్నేవాడికి అందులో పైసా రాదు. బొగ్గు, సున్నపురాయి తవ్వే జిల్లాలకు గనుల చట్టానికి 2015లో చేసిన సవరణ వల్ల జిల్లా ఖనిజ నిధి అయినా వచ్చింది. ఆ చట్టం చమురునూ గ్యాస్‌నూ ఖనిజాల లెక్కలోంచి తప్పించింది కాబట్టి గ్యాస్ ఊళ్లకు ఆ ముష్టి కూడా దక్కలేదు.

సరే, గ్యాస్ సర్కారుదే. జాతి సంపద ఎవడి పొలం కింద పడితే వాడి సొంతం కావాలని నేనూ అనడం లేదు. కానీ రైతు బేరమాడుతున్నది గ్యాస్ కోసం కాదు. తన గట్టు దాటి లోపలికి రావడానికి, వచ్చి ఉండిపోవడానికి, ఏదైనా జరిగితే జవాబు చెప్పడానికి. ఈ మూడూ గ్యాస్‌లో లేవు, గట్టు మీద ఉన్నాయి.

పైగా ఈ వ్యాపారంలో బేరమాడనిది ఎవరు? గ్యాస్ మీద అధికారం తనకూ ఉందంటూ గుజరాత్ ప్రభుత్వం 2001లో సొంత చట్టం చేసుకుంది. అది కేంద్రం పరిధిలోని విషయమని 2004లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. సూరత్ పక్కనే కవాస్‌లో ఉన్న ఎన్‌టీపీసీ కేంద్రానికీ, భరూచ్ జిల్లా గంధార్ కేంద్రానికీ పిలిచిన టెండరులో రిలయన్స్ యూనిట్ గ్యాస్‌కు చెప్పిన ధర 2.34 డాలర్లు. తర్వాత ప్రభుత్వం ఆమోదించిన ధర 4.20. ఆ రెండు అంకెల మధ్య తేడా కోసం అంబానీ అన్నదమ్ములు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2010 మేలో గానీ తగువు తెగలేదు. రాష్ట్రం బేరమాడితే సమాఖ్య స్ఫూర్తి. కోటీశ్వరులు బేరమాడితే వ్యాపార దక్షత. 21 సెంట్లవాడు నోరు విప్పితే మాత్రం అత్యాశ!

ఇక ‘పైన పంట వేసుకోవచ్చు’ అన్న మాట. గొట్టాల కోసం 1962లో చేసిన చట్టం నేలను కొనదు, నేల మీద ‘వినియోగ హక్కు’ మాత్రం తీసుకుంటుంది. పట్టా రైతు పేరుమీదే ఉంటుంది. అయితే ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. సూరత్ జిల్లా ఓల్పాడ్ వైపు చెరకు వేసుకోవచ్చు, వరి వేసుకోవచ్చు. గట్టున ఒక మామిడి మొక్క పెట్టుకోవడానికి వీల్లేదు. కోనసీమలో కొబ్బరి తోట మధ్యనుంచి గొట్టం పోతే, కొట్టేసిన చెట్లకు డబ్బు వస్తుంది గానీ ఆ వరసలో మళ్లీ కొబ్బరి లేవదు. సూరత్ ఏటికేడు పొలాల మీదికి పాకే నగరం. అక్కడి రైతు తన పొలాన్ని రేపు ‘ఎన్.ఏ.’ చేయించుకోవచ్చునన్న ఆశతో దాచుకుంటాడు. వ్యవసాయేతర భూమి అన్నమాట. ఇల్లు కట్టరాని పట్టీ మధ్యలో ఉన్న ప్లాటును ఎవరు కొంటారు?

దీనికంతటికీ చట్టం కట్టిన వెల, పంట నష్టం, చెట్ల నష్టం పోను, భూమి మార్కెట్ విలువలో 10 శాతం. అదీ ఒక్కసారి. ఆ మార్కెట్ విలువ ఎంత అన్నది మరో మాయ. గుజరాత్‌లో ఆ లెక్క జంత్రి అనే ప్రభుత్వ భూమి రేటుతో మొదలవుతుంది. 2011 తర్వాత 2023 ఏప్రిల్ దాకా జంత్రి కదల్లేదు. కదిలిన రోజున ఒక్క దెబ్బకు రెట్టింపయింది. అంటే అంతకు ముందు రోజుదాకా ఉన్న రేటు సగం అబద్ధమని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఆ అబద్ధంలో పదో వంతు తీసుకుని నోరు మూసుకోలేదనా రైతు మీద మన కోపం?

ఇక్కడే పక్కచూపు చూడాలి. హైటెన్షన్ కరెంటు తీగలు కూడా పొలాల మీదుగానే పోతాయి. తీగల కింది పట్టీకి 2015లో కేంద్ర విద్యుత్ శాఖ చెప్పిన పరిహారం భూమి విలువలో 15 శాతం లోపు. ఊరూరా రైతులు స్తంభాల దగ్గర అడ్డం పడుతూ వచ్చారు. 2024 జూన్ మార్గదర్శకాల్లో అది గ్రామాల్లో 30 శాతమైంది, టవర్ నిలబడే చోటుకు 85 నుంచి 200 శాతానికి పెరిగింది. తలమీద తీగకు 30, కాళ్ల కింద గొట్టానికి 10. రెండింటి మధ్య తేడా భూమి సారంలో లేదు, అడిగినవాళ్ల గొంతులో ఉంది. అడగనిదే అమ్మయినా పెట్టదు.

‘తాత్కాలికం’ అనే మాట కథ ఇంకా విచిత్రం. గుజరాత్‌లో బావులు తవ్వడానికి ఓఎన్‌జీసీ రైతుల భూములను తాత్కాలికంగా తీసుకుని ఏటా అద్దె కడుతుంటుంది. అలా తీసుకున్న ఒక భూమి 26 ఏళ్లయినా తిరిగి రాలేదు. 26 ఏళ్ల పాటు తాత్కాలికమంటే దానికి అర్థమేమిటని 2023 జనవరిలో సుప్రీంకోర్టు నిలదీసి, ఏడాదిలోగా శాశ్వతంగా సేకరించి తగిన పరిహారం ఇమ్మంది. పొలం ఇచ్చేనాడు పుట్టిన పిల్లకు పెళ్లీడు దాటిపోయింది. గడువు తేదీ, ఏటా పెరిగే అద్దె ఒప్పందంలో మొదటిరోజే రాసుకుని ఉంటే కోర్టు మెట్లెక్కే పని ఉండేది కాదు. బేరం లేనందువల్ల పని త్వరగా అయిందనేవాళ్లు ఈ 26 ఏళ్లను ఏ ఖాతాలో వేస్తారు?

డబ్బు సంగతి పక్కన పెట్టినా ప్రాణం సంగతి ఉంది. మన కోనసీమలోనే 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు. ముందునుంచీ లీకుల గురించి మొరపెట్టుకుంటూనే ఉన్నామని ఊరివాళ్లు అప్పుడు చెప్పారు. మొరపెట్టుకోవడం అన్న మాట గమనించండి. ఒప్పందంలో పక్షం అయినవాడు మొరపెట్టుకోడు, నిలదీస్తాడు. గొట్టం ఎప్పుడు పరీక్షించారు, తుప్పు ఎక్కడుంది, రిపోర్టు చూపించండి అంటాడు. ఇప్పటి ఏర్పాటులో గొట్టం మీద నివసించేవాడికి ఆ కాగితం అడిగే చోటు లేదు. వ్యవస్థ అతన్ని పేలుడు తర్వాతే గుర్తుపడుతుంది, బాధితుడిగా.

అవతలివైపు బలమైన మాట ఒకటుంది, దాన్ని దాటవేయను. గొట్టం గీతలా పోతుంది. 500 మంది ఒప్పుకుని ఒక్కడు మొండికేస్తే పని ఆగిపోతుంది. అందుకే చట్టానికి బలవంతపు అధికారం కావాలంటారు. 2016లో గుజరాత్ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు కూడా 1962 చట్టం చెల్లుతుందనే చెప్పింది. చెల్లడం వేరు, చాలడం వేరు. ఒక్కడి మొండితనానికి మందు 500 మంది నోరు కట్టెయ్యడం కాదు, 500 మందినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం. పొలానికో రేటు కాకుండా లైనుకు ఒకే ఒప్పందం చేసుకోవడం.

ఇది సూరత్‌కు నేర్పాల్సిన విద్య కాదు. 1928లో ఇదే జిల్లా బార్డోలీలో శిస్తు 22 శాతం పెంచితే, రైతులు వల్లభ్‌భాయ్ పటేల్ వెనక ఒక్కమాటగా నిలబడి కట్టేది లేదన్నారు. ఆనాటి పెద్దమనుషులూ వాళ్లను మొండివాళ్లనే అన్నారు. చివరికి లెక్క చూడటానికి వచ్చిన బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అనే ఇద్దరు అధికారులు పెంపు 6.03 శాతం చాలన్నారు. మొండివాళ్ల లెక్కే ప్రభుత్వ లెక్క కన్నా ఒప్పుకు దగ్గరగా ఉందని తేలింది. బేరం వల్ల శిస్తు ఆగలేదు, సరైన అంకె దొరికింది.

గొట్టం విషయంలోనూ దొరకాల్సింది అదే. ఒక్కసారి 10 శాతానికి బదులు ఏటా పెరిగే అద్దె. తాత్కాలికానికి తేదీ. తనిఖీ రిపోర్టు గ్రామసభకు, అర్థమయ్యే భాషలో. ప్రమాదం జరిగితే ఎవరు ఎంత ఇవ్వాలో ముందే రాసిన కాగితం. ఇవేవీ గ్యాస్‌లో వాటా అడగడం కాదు. గెజిట్ పట్టికలో గ్రామానికి గడి ఉంది, సర్వే నంబరుకు గడి ఉంది, చదరపు మీటర్లకు కూడా ఉంది. రైతు ఏ షరతులకు ఒప్పుకున్నాడో రాయడానికి లేదు. ముందు ఆ గడి గీయండి, తర్వాత గొట్టం గీత గీయండి.