మేకపాలకి డెంగీ సీజన్ దాకా ఆగాలా?

మేకపాలతో ఇంట్లోనే మెత్తటి చీజ్ చేసుకోవచ్చు అంటే మా టీంలో సగం మంది మొహం అదోలా పెట్టారు. "డెంగీ వస్తే తాగుతారు, ఆ పాలేనా?" అన్నాడొకడు. అసలు చిక్కంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ప్రపంచంలో మేకపాల ఉత్పత్తిలో మొదటి స్థానం మన దేశానిదే. అయినా మనకి మేకంటే మటనే. పాలు గుర్తొచ్చేది డెంగీ సీజన్లో. ప్లేట్‌లెట్లు పెరుగుతాయని ఎవరో ఫార్వర్డ్ పంపుతారు, రేటు ఆకాశానికెక్కుతుంది, "కాస్తే గుణం పోతుంది" అని పచ్చిపాలే పట్టిస్తారు. పెరుగుతాయనడానికి గట్టి ఆధారాలు లేవు. జ్వరం నయమయ్యే కొద్దీ అవి వాటంతటవే పెరుగుతాయి, పేరు మేకకొస్తుంది. పచ్చిపాలతో ప్రమాదం మాత్రం నిజం. మాల్టా దీవిలో జనాన్ని పీడించిన జ్వరం (ఇప్పుడు బ్రూసెల్లోసిస్ అంటున్నాం) మేకల నుంచి వస్తోందని 1905లో థెమిస్టోక్లీస్ జామిట్ అనే డాక్టరు కనిపెట్టాడు. 1906లో అక్కడి బ్రిటిష్ సైనికులకి మేకపాలు ఆపేస్తే కేసులు బాగా పడిపోయాయి.

సరే, చీజ్ సంగతి. లీటరు మేకపాలు 85 డిగ్రీల దాకా కాయండి. థర్మామీటర్ లేకపోతే పొంగు వచ్చే ముందు స్టవ్ ఆపేయండి. రెండు మూడు టేబుల్ స్పూన్ల నిమ్మరసం కొద్దికొద్దిగా పోస్తూ మెల్లగా కలిపి, పది నిమిషాలు కదపకుండా వదిలేయండి. పల్చటి నూలుగుడ్డలో వంపి గంటసేపు వేలాడదీయండి. ఉప్పు, మిరియాల పొడి, కొత్తిమీర కలిపితే అయిపోయింది. ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో తినేయాలి. జొన్నరొట్టె మీద రాసుకుని చూడండి, తర్వాత మాట్లాడుకుందాం :)

"ఇది పనీరే కదా" అంటారేమో. పద్ధతి అదే, కానీ దీని మీద బరువు పెట్టం. పైగా మేకపాలల్లో ఆల్ఫా-ఎస్1 కేసీన్ అనే ప్రొటీన్ సాధారణంగా తక్కువ, అందుకే విరుగు గట్టిపడకుండా మెత్తగా వస్తుంది. జున్ను అని మాత్రం అనకండి, జున్ను ఈనిన కొత్తలో వచ్చే పాలతో చేసేది. ఫ్రాన్సులో లువార్ నది ప్రాంతం వాళ్ళయితే వేడితో విరగ్గొట్టరు. ఇరవై డిగ్రీల దగ్గర తోడువేసి, కొన్ని చుక్కల రెన్నెట్ కలిపి, రోజంతా ఉంచి వడకడతారు. ఆ కమ్మదనం మన షార్ట్‌కట్‌లో రాదు, ఒప్పుకుంటాను. కానీ మన పద్ధతిలో పాలు బాగా కాగుతాయి కాబట్టి పచ్చిపాల భయం ఉండదు.

వాసన సంగతా? కాప్రోయిక్, కాప్రిలిక్, కాప్రిక్ అని మూడు కొవ్వు ఆమ్లాలున్నాయి. లాటిన్‌లో మేకని కాప్రా అంటారు, వాటి పేర్లు అక్కడివే! పాలు నిలవున్న కొద్దీ ఆ వాసన పెరుగుతుంది. పొద్దున పితికినవి పొద్దున్నే వాడితే పెద్దగా తెలియదు. అమెరికాలో ఉన్నవాళ్ళు డబ్బా మీద అల్ట్రా పాశ్చరైజ్డ్ అని ఉంటే వదిలేయండి, ఆ పాలు సరిగా విరగవు.

ఇది ఆరోగ్యానికి అద్భుతం అని మాత్రం నేను చెప్పను. మేకపాలల్లోనూ లాక్టోజ్ ఉంది. ఆవుపాల ఎలర్జీ ఉన్నవాళ్ళలో చాలామందికి ఇవీ పడవు. రుచి కోసం తినండి, చాలు.

సూపర్ మార్కెట్లో దిగుమతి చీజ్ ముక్కకి బేరమాడకుండా వందలు పోస్తాం. ఊరి చివర మేకలు కాసే ఆయన పాలకి మాత్రం జ్వరాలొచ్చినప్పుడే గిరాకీ. మిగతా రోజుల్లో ఆయనకి డబ్బు కనపడాలంటే మేకని అమ్ముకోవాల్సిందే. ఏడాది పొడవునా వారానికో లీటరు కొనే ఇళ్ళు పది ఉంటే ఆ లెక్క కొంతైనా మారుతుంది. దానికి మేకపాలు మన వంటింట్లోకి మందులా కాకుండా తిండిలా రావాలి. అందుకు ఈ చీజ్ కంటే సులువైన దారి నాకైతే కనపడలేదు.