మోకాలి మృదులాస్థి మార్పిడి – కాలమే కీలకం

మోకాలి మృదులాస్థికి రక్తనాళాలు లేనందున, గాయపడితే అది దానంతట అదే పూర్తిగా మానదు. లోపం పెద్దదైన యువ రోగులకు, మరణించిన దాత నుండి ఎముకతో సహా సేకరించిన మృదులాస్థిని అమర్చడం ఒక చికిత్సా మార్గం.

కణాలు సజీవంగా ఉండవలసినందున దీనిని గడ్డకట్టించరాదు. సుమారు 4 డిగ్రీల సెల్సియస్ వద్ద భద్రపరచి, సాధారణంగా 28 రోజులలోపు అమర్చవలసి ఉంటుంది. అంటువ్యాధుల పరీక్షలు, రోగి మోకాలి కొలతతో సరిపోల్చడం ఆ గడువులోనే పూర్తి కావాలి.

అవయవ మార్పిడికి సంబంధించిన 1994 నాటి కేంద్ర చట్టం పరిధిలోకి 2011 సవరణతో కణజాలాలు కూడా చేరాయి. తెలంగాణ శాసనసభ ఈ చట్టాన్ని 2025లో స్వీకరించింది. అయితే చట్టం మార్గాన్ని చూపగలదే గాని కణజాలాన్ని సమకూర్చజాలదు. దాత కుటుంబ సమ్మతి, టిష్యూ బ్యాంకు సన్నద్ధత, ఆసుపత్రి సమన్వయం సకాలంలో సమకూరినప్పుడే ఈ చికిత్స రోగికి అందుతుంది.