రోగము పోయిన పిమ్మట

రాచపుండు అను పేరు చెవిని బడినంతనే వెనుకటి తరమువారు ఆశ వదలుకొనెడివారు. నేడట్లు కాదు. శస్త్రచికిత్సయు, మందులును, కిరణచికిత్సయు ముగించుకొని ప్రాణములతో నింటికి మఱలి వచ్చినవారు కె. గంగవరము వంటి పల్లెపట్టులందును అరుదు కారు. ఇది సంతోషింపదగిన మాటయే. కాని అట్లు వచ్చినవారిని మనమేమి చేయుచున్నాము? వసారాలో మంచము వాల్చి పరుండబెట్టుచున్నాము. “లేవవద్దు, బరువెత్తవద్దు, గడప దాటవద్దు” అని యింటిల్లిపాదియు కావలి కాయుచున్నారు. ఆ కావలి ప్రేమచే గలిగినదే. ఐనను అది రోగికి మేలు చేయుటలేదని మేము నిర్మొగమాటముగా చెప్పవలసియున్నది.

ఇది మా యూహ కాదు. పెద్దప్రేగు క్యాన్సరునకు శస్త్రచికిత్సయు మందులును ముగిసిన 889 మందిని, ముఖ్యముగా కెనడా, ఆస్ట్రేలియా దేశములందలి వైద్యులు, 55 కేంద్రములలో రెండు తెగలుగా విభజించి చూచిరి. ఒక తెగకు ఆరోగ్యబోధకములైన పుస్తకములు మాత్రమిచ్చిరి. రెండవ తెగకు పుస్తకములతోబాటు మూడేండ్ల వఱకు ఒక వ్యాయామశిక్షకుని తోడిచ్చిరి. ఫలితములు 2025 జూనులో వెలువడినవి. ఎనిమిదేండ్లకు మొదటి తెగలో నూటికి 83 మందియు, రెండవ తెగలో నూటికి 90 మందియు జీవించియున్నట్లు తేలినది. నూటికేడుగురు! ఏదేని క్రొత్త మందు ఇంతపని చేసినచో దాని వెల యెంత యుండెడిదో పాఠకులే యూహింపవచ్చును. వ్యాయామము చేసినవారికి కండరముల నొప్పులు కొంత యెక్కువగా గలిగిన మాటయు నిజమే. దానిని దాచుట తగదు. మేము ముఖ్యముగా గమనింపగోరున దింకొకటి గలదు. పుస్తకము చేతబెట్టినంత మాత్రమున పని జరుగలేదు. “నేడు నడచితిరా?” అని పిలిచి యడుగు మనుష్యుడొకడు కావలసివచ్చెను.

స్త్రీల విషయమున మన భయము మఱింత లోతైనది. రొమ్ము క్యాన్సరునకు శస్త్రచికిత్స జరిగిన పిదప కొందఱకు ఆ వైపు చేయి వాచును. అందుచేత ఆ చేత నీళ్లబిందె యెత్తరాదని, పిల్లవాని నెత్తుకొనరాదని జీవితాంతము కట్టడి చేయుచున్నాము. అమెరికాలో అట్టి వాపు గల 141 మంది స్త్రీలను పరీక్షించి 2009లో ప్రకటించిన ఫలితములు వేఱుగ నున్నవి. చేతికి బిగుతైన తొడుగు తొడిగి, స్వల్పమైన బరువుతో మొదలిడి, వారమునకు రెండుమాఱులు మెల్లమెల్లగా పెంచుచు నెత్తించినపుడు చేతివాపు పెరుగలేదు సరికదా, అది తీవ్రమగుట తగ్గినది. చేతికి బలము వచ్చినది. కట్టడి చేతిని కాపాడుటలేదు, దుర్బలము చేయుచున్నది.

“వ్యాయామము పట్టణవాసుల వేడుక; దినమెల్ల బురదలో వంగి నాట్లు వేయు కూలిస్త్రీకి నడక నేర్పెదరా?” యని యొకరు మమ్ము ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. కాని ఆమె యవస్థ మఱియొక విధమైనది. కలవారి యింటి రోగి మంచము దిగడు. లేనివారి యింటి రోగి బలము చేకూరకముందే పొలమున కాలుపెట్టును. రెండు దినములు పనిచేసి నాల్గు దినములు పడియుండును. ఇద్దఱకును కావలసినది కొలతయే. నేడింత, వచ్చు వారమింత, ఇచట ఆగుము అని చెప్పువారు కావలెను. 2019లో పలుదేశముల నిపుణులు కూడి వారమునకు మూడుమాఱులు, ప్రతిమాఱు ముప్పది నిమిషములు నడక వంటి వ్యాయామము చేసినను అలసటయు, దిగులును తగ్గునని నిర్ణయించిరి. ఇది ఎవరికిని అసాధ్యమైన కొలత కాదు.

చెప్పువారెచ్చట నున్నారు? అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి విశాఖవైపున నున్నది. ఎం.ఎన్.జె. సంస్థయు, బసవతారకము ఆసుపత్రియు హైదరాబాదున నున్నవి. అరగంట వ్యాయామపాఠమునకై కోటిపల్లినుండి కూలి మానుకొని, బస్సులు మాఱి అంతదూరము పొమ్మనుట హాస్యాస్పదము. కనుకనే శిక్షకుడు ఫోనుద్వారమున ఇంటికి రావలెను. హాలెండు దేశమున ఆంకోయాక్టివ్ అను పేర ఇట్టి యేర్పాటు చేసి చూచిరి. రోగి తన స్థితిని తెలిపినచో, కంప్యూటరు అతనికి తగిన సలహా కూర్చి యిచ్చును. అడుగులు లెక్కించు చిన్న యంత్రమునుగూడ ఇచ్చిరి. అంత యాడంబరమైనను అక్కఱలేదు. 2009లో ప్రకటితమైన మఱియొక పరీక్షలో 641 మంది వృద్ధులకు టెలిఫోనును, టపాలో వచ్చు కాగితములును చాలినవి; వారి దేహశక్తి సన్నగిల్లుట మందగించినది.

మనకు మార్గము సిద్ధముగనే యున్నది. గ్రామ ఆరోగ్యకేంద్రమున కూర్చుండి దూరపు వైద్యునితో మాటలాడు ఈ-సంజీవని 2019 నవంబరులో మొట్టమొదట ఆంధ్రప్రదేశముననే ఆరంభమైనది. 2007లో ఆరోగ్యశ్రీ పేర మొదలైన పథకము కత్తికిని, మందునకును సొమ్మిచ్చుచున్నది. అదే ప్రభుత్వము చికిత్సానంతరపు నడకకు ఏల బాధ్యత వహింపరాదు? అయితే ఆంగ్లమున పలుకు పరికరమొకటి తెచ్చి మన నెత్తిన వేసినచో మాకక్కఱలేదు. అది తెలుగున, చదువురాని వారికిని తెలియునట్లు, నోటిమాటగా పలుకవలెను. జిమ్ముల గొడవ మాని కాలువగట్టుమీది నడక చెప్పవలెను. గట్లు జారు వానకాలమున వసారాలో చేయదగినవియు, మేనెలలో పొద్దుపొడువక ముందు చేయదగినవియు వేర్వేరుగ చెప్పవలెను. పెక్కిండ్ల ఫోను కుమారుని జేబులో నుండును. తల్లి కది చిక్కునది రాత్రివేళనే. ఈ సంగతి యెఱుగని పథకము కాగితముననే నిలుచును. ఆశా కార్యకర్త వారమున కొకమాఱు గడపదొక్కి చూచినగాని అది సాగదు.

ఎముకలకు వ్యాధి ప్రాకినవారును, రక్తహీనులును, గుండె బలహీనపడినవారును తమ వైద్యునడిగియే మొదలిడవలెను. ఇక ఫోనులో లక్ష్మణఫలము తిన్న క్యాన్సరు మాయమగునని బోధించు మహానుభావులు గలరు. వారికి శ్రోతల కొఱతలేదు. నిజము చెప్పు వైద్యునకే చోటులేకున్నది.

ప్రభుత్వము కదలులోపల మన పఠనమందిరముల కార్యదర్శులు చేయగల పనియొకటి గలదు. సాయంకాలము ఒక గంటసేపు ఒక బల్లయు, ఒక ఫోనును, దాని నుపయోగింప నెఱిగిన ఒక యువకుడును. చికిత్స ముగించుకొని వచ్చిన వారిని పేరుపేరున పిలుచుకొని రండు. అచ్చటినుండి కాలువగట్టు వఱకు వారితో మీరును నడువుడు.