వందసార్లు విసిరితే వచ్చేస్తుందా?

కుడిచేతి వాటం పిల్లవాడు ఎడమచేత్తో బంతి విసరడం నేర్చుకుంటానంటే మన మైదానాల్లో దొరికే సలహా ఒక్కటే. గీత గీసుకో, స్టంపు పాతుకో, అక్కణ్ణించి వందసార్లు విసురు. రేపు మళ్లీ వంద. కోచ్‌లూ తండ్రులూ ఇదే చెబుతారు, కాదంటే వేమన్ను సాక్ష్యానికి పిలుస్తారు. సాధన వద్దని ఎవరన్నారు? ఏది సాధన అన్నదగ్గరే తగువు.

ఈ పద్ధతికి అంత పేరు ఊరికే రాలేదు. ఫలితం అక్కడికక్కడే కనిపిస్తుంది. కాసేపటికి గురి కుదురుతుంది, కుర్రాడు మురిసిపోతాడు, కోచ్ తలాడిస్తాడు. మర్నాడు మ్యాచ్‌లో బంతి నాలుగడుగులు పక్కన దొరికిందా, చెయ్యి తెల్లమొహం వేస్తుంది. దానికి తెలిసింది ఆ గీత, ఆ స్టంపు, అంతే.

1978లో కెర్, బూత్ అనే పరిశోధకులు పిల్లలచేత గింజలు నింపిన చిన్న సంచులు విసిరించారు. ఎనిమిదేళ్ల వాళ్లలో కొందరు మూడడుగుల దూరానికే సాధన చేశారు. మిగతావాళ్లు రెండడుగులకూ నాలుగడుగులకూ విసిరారు, మూడడుగుల జోలికే పోలేదు. పరీక్ష మాత్రం మూడడుగులకే పెట్టారు. నెగ్గింది, ఆ దూరానికి ఎన్నడూ విసరని పిల్లలు! 1986లో గూడ్, మాగిల్ బ్యాడ్మింటన్ సర్వీసులతో చేసిన ప్రయోగమూ ఇదే దారిలో నడిచింది. మూడు రకాల సర్వీసులను ఒక్కోటీ విడిగా ముగించినవాళ్లకన్నా, కలగాపులగంగా వేసినవాళ్లే తర్వాతి పరీక్షలో మెరుగ్గా ఆడారు.

అసలు మన కుడిచెయ్యి ఎలా నేర్చుకుంది? మామిడికాయలకు రాళ్లు విసిరిన రోజుల్లో ఏ రెండు కాయలూ ఒకే ఎత్తున లేవు, ఏ రెండు రాళ్లూ ఒకే బరువు లేవు. అలా పెరిగిన చెయ్యి ఉండగా, దాని తోబుట్టువుకు మాత్రం గీత గీసి కాపలా కాస్తాం.

అమెరికా బేస్‌బాల్ ఆటగాడు బిల్లీ వాగ్నర్ సంగతేమిటని అడుగుతారు. చిన్నతనంలో కుడిచెయ్యి విరిగి, ఎడమచేత్తో బంతిని గోడకేసి కొట్టికొట్టి నేర్చుకున్నాడు, 2025లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి చేరాడు. నిజమే. కానీ గోడకు తగిలిన బంతి ఒక్కచోటికే తిరిగొస్తుందా? పరుగెత్తి అందుకుని, అందిన చోటి నుంచే మళ్లీ విసరాలి.

బొత్తిగా కొత్తవాడికి పట్టు కుదిరేదాకా, కుడికాలు ముందు పడటం అలవాటయ్యేదాకా ఒకేచోట నిలబెట్టండి, తప్పులేదు. బాస్కెట్‌బాల్ ఫ్రీ త్రోకైతే దూరం ఎప్పుడూ ఒకటే, అక్కడ గీత ఉండాల్సిందే. క్రికెట్ ఫీల్డర్‌కు అలాంటి గీతను ఎవరు గీసిస్తారు?

కాబట్టి కోచ్‌లూ, దూరాలు మార్చండి, బంతి బరువు మార్చండి, నిలబడి ఒకసారి, పరుగెత్తుతూ ఒకసారి విసరనివ్వండి. మొదట్లో గురి తప్పుతుంది, తప్పనివ్వండి. ఎన్ని తగిలాయో ఆ సాయంత్రమే లెక్కపెట్టకండి, వారం ఆగి లెక్కపెట్టండి.