పొరుగు తూనికరాళ్లతో తెలుగుబిడ్డ

తెలుగుబిడ్డ తెలివిని తూచుటకు పొరుగుబిడ్డల తూనికరాళ్లే చాలునట! 1905లో పారిసునందు బినే, సైమనులు ఈ పరీక్షను కల్పించినది వెనుకబడిన బాలురకు తోడ్పడుటకే గాని ముద్రవేయుటకు గాదు. 1916లో అమెరికాయందు టెర్మన్ పదేండ్ల మెట్టువరకు ప్రతి సరియైన జవాబునకు రెండు నెలల మానసిక వయస్సు కట్టి, దానిని అసలు వయస్సుచే భాగించి, నూటితో హెచ్చించెను. ఎనిమిదేండ్ల బాలునికి 66 నెలలు వచ్చిన 69. మరొక్క జవాబు చెప్పిన 71. బుద్ధిమాంద్యమునకు గీచిన గీత 70! నిత్యవ్యవహార సామర్థ్యమును గూడ చూతురందురు, నిజమే. అయినను తల్లిదండ్రుల చెవిని పడునది అంకెయే. 1934లో కామత్ ఆ పరీక్షను కన్నడ, మరాఠీ బాలురకు అనువుచేసెను; శ్లాఘనీయమే. నాటి వారి సగటుతో నేటి శ్రీకాకుళపు శిశువును కొలుచుట ఏ న్యాయము? 1984నుండి మేధోవైకల్య జాతీయసంస్థ సికింద్రాబాదుననే యున్నది. తెలుగుబాలుర సగటుపై నిలువని అంకెతో ఏ బిడ్డకును ధ్రువపత్రము వ్రాయరాదని ప్రభుత్వము శాసింపవలెను.