రాయి కొలత తెలిశాకే చికిత్స

శ్రీరాంపూర్ బొగ్గు గనుల ఉక్కలో చెమటోడ్చే సింగరేణి కార్మికుడికి కిడ్నీలో రాళ్ల ముప్పు పొంచే ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గితే మూత్రం చిక్కబడి లవణాలు గడ్డకడతాయి. అలాంటివారికి ఏ చికిత్స చేయాలో నొప్పి తీవ్రతను బట్టి కాక స్కానింగ్ చూపే కొలతను బట్టి తేల్చాలి. 5 మిల్లీమీటర్లలోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. కిడ్నీలో 20 మిల్లీమీటర్లు దాటిన రాయిని సాధారణంగా వీపు వైపు చిన్న రంధ్రం చేసి తీస్తారు. 1980లో మ్యూనిక్‌లో మొదలైన షాక్‌వేవ్‌లతో రాయిని పగలగొట్టే చికిత్స అంతకంటే చిన్న రాళ్లలో చాలావాటికి పనికొస్తుంది. అయితే రాయి ఎంత గట్టిదో సీటీ స్కాన్ ముందే చెబితే, పగలని రాయి మీద వృథా ప్రయత్నం తప్పుతుంది. యూరిక్ యాసిడ్ రాయి మామూలు ఎక్స్‌రేకు చిక్కదు, సీటీకి దొరుకుతుంది. దాన్ని తరచూ మందులతోనే కరిగించవచ్చు. అలాగని అందరినీ సీటీకి పంపనక్కర్లేదు. గర్భిణులకు, పిల్లలకు ముందు అల్ట్రాసౌండే చేయాలి. మిగతావారికి అవసరమైతే తక్కువ రేడియేషన్ సీటీ చాలు. ఆపరేషన్‌కు సంతకం పెట్టించుకునే ముందు రాయి ఎంతుంది, ఎక్కడుంది, ఎంత గట్టిది అన్నది రోగికి విడమరచి చెప్పడం డాక్టరు బాధ్యత, అడిగి తెలుసుకోవడం కార్మికుడి హక్కు.