వీపీఎన్ ఒక్కటే కాపాడదు

వీపీఎన్ ఉంది కదా అన్న ధీమా విలేకరులకు ప్రమాదకరం. ఫోన్ నుంచి బయటికెళ్లే సమాచారం ఇంటర్నెట్ కంపెనీ కంటపడకుండా అది అడ్డుకుంటుంది, అంతే. నిఘా ఫోన్‌లోకే దిగితే అది చేయగలిగిందేమీ లేదు. పెగసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ చేసేది ఆ పనే. లింకు నొక్కకపోయినా చొరబడుతుంది, సందేశాలు చదువుతుంది, మైకు తెరుస్తుంది. ‘ది వైర్’ వార్తా వెబ్‌సైట్ వ్యవస్థాపక సంపాదకుడు సిద్ధార్థ్ వరదరాజన్ ఫోన్‌లో దాని జాడలను మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ 2021లో ఒకసారి, 2023లో మళ్లీ గుర్తించింది.

పెగసస్ ఆరోపణలపై సుప్రీంకోర్టు వేసిన కమిటీ 29 ఫోన్లను పరీక్షించి 5 ఫోన్లలో మాల్‌వేర్ కనిపించిందని 2022లో నివేదించింది. అది పెగససేనని మాత్రం తేలలేదు. కేంద్రం సహకరించలేదనీ కమిటీ చెప్పింది. ప్రజాప్రభుత్వానికి ఇది తగని పని. వీపీఎన్‌లపైనా ఒత్తిడి వచ్చింది. అదే ఏడాది కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్, వినియోగదారుల పేర్లు, చిరునామాలు 5 ఏళ్లు భద్రపరచాలని వీపీఎన్ సంస్థలను ఆదేశించింది. పేరున్న కొన్ని సంస్థలు ఇక్కడి సర్వర్లనే ఎత్తేశాయి.

విలేకరిని నమ్మి కాగితం చేతిలో పెట్టిన చిరుద్యోగి ఉద్యోగం ఆ విలేకరి ఫోన్ భద్రత మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే విలేకరులు ఫోన్ అప్‌డేట్లు వాయిదా వేయకూడదు. సిగ్నల్ యాప్‌లో సందేశాలు వాటంతటవే చెరిగిపోయేలా పెట్టుకోవాలి. ఐఫోన్ ఉంటే అందులోని అదనపు రక్షణ అయిన లాక్‌డౌన్ మోడ్ వాడాలి. రహస్యంగా కలవాల్సివస్తే ఫోన్ ఇంట్లోనే వదలాలి. ఈ శిక్షణకయ్యే ఖర్చు పత్రికా యాజమాన్యాలే భరించాలి, మండల విలేకరుల దాకా.